మా ప్రాజెక్టు, మన బోరింగు నీళ్లు

2010–12 ఎమ్మెస్సీ కెమిస్ట్రీ బ్యాచ్ తరఫున నాలుగు మాటలు రాయమన్నారు. మెస్సు చారు గురించీ, ఫేర్‌వెల్ ఫొటోల గురించీ రాసేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు కాబట్టి నేను నీళ్ల గురించి రాస్తాను.

నల్లగొండలో మహాత్మా గాంధీ యూనివర్సిటీ 2007లో వచ్చింది. అంతకుముందు ఇక్కడున్నది ఉస్మానియా పీజీ సెంటర్. మేం చేరేనాటికి యూనివర్సిటీ మనదే అయినా ఎంట్రన్స్ మాత్రం ఉస్మానియాదే. దేవరకొండ, నకిరేకల్, సూర్యాపేట దిక్కు నుంచి తెలుగు మీడియం డిగ్రీలు పట్టుకొని వచ్చినవాళ్లం. ఇండ్లల్లో ఎమ్మెస్సీ అంటే జూనియర్ లెక్చరర్ నౌకరీ అనే లెక్క. స్పెక్ట్రోస్కోపీ క్లాసులో ఎన్‌ఎంఆర్ (మాలిక్యూల్ నిర్మాణం పట్టిచ్చే పరీక్ష) పీకులు చూసి తలలు పట్టుకున్నాం, సెమినార్‌లో ఇంగ్లిషు కోసం ముందురోజు రాత్రి అద్దం ముందు నిలబడ్డాం. ఇవి అన్ని బ్యాచ్‌లకూ ఉన్నవే.

మూడో సెమిస్టర్ సగం తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మె మింగింది. 2011 సెప్టెంబర్ 13న మొదలై 42 రోజులు నడిచింది. బస్సులు లేవు, ఊర్లకు పోయినవాళ్లు అక్కడే ఉండిపోయారు. హాస్టల్‌లో మిగిలినవాళ్లం పొద్దున క్లాక్ టవర్ దగ్గర దీక్షా శిబిరంలో, సాయంత్రం ఆర్గానిక్ నోట్స్ ముందు. సమ్మె తర్వాత సిలబస్ ఎట్లా ఉరికిందో ఇప్పుడు తలుచుకున్నా ఆయాసమొస్తుంది.

అసలు సంగతి నాలుగో సెమిస్టర్ ప్రాజెక్టు. అప్పటికే ఒక అలవాటు పాకింది. హైదరాబాద్‌లో ఏదో ప్రైవేటు ల్యాబుకు డబ్బు కడితే మాలిక్యూల్ వాళ్లే చేసి, స్పెక్ట్రాలు వాళ్లే తీసి, బైండింగ్ చేసిన పుస్తకం చేతిలో పెడతారు. పైన మన పేరు ఉంటుంది. డబ్బుంటే అదీ సుఖమే అనుకున్నవాళ్లు మాలోనూ ఉన్నారు. మా గైడ్ సారు మాత్రం "మీ నోట్లె పండ్లే ప్రాజెక్టు, ఎక్కడికో పోతరేందిరా" అన్నారు. మా గ్రూపులో మర్రిగూడ దిక్కు మిత్రుడొకడు ఉండేవాడు. నవ్వొచ్చినప్పుడల్లా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేవాడు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పట్టే ఆ గార పండ్లు మాలో ఇంకా కొందరికి ఉన్నాయి. సారు మాటకు ముందు నవ్వింది అతనే, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా.

అట్లా ఫ్లోరైడ్ మీద పడ్డాం. మునుగోడు, చండూరు మీదుగా నాంపల్లి (హైదరాబాద్ నాంపల్లి కాదు, మన నాంపల్లి) దాటి మర్రిగూడ దాకా పల్లెవెలుగు బస్సుల్లో తిరిగి బోరింగుల దగ్గర నీళ్లు పట్టాం. ప్లాస్టిక్ సీసాలే వాడాలి. గాజులోని సిలికాతో ఫ్లోరైడ్ చర్య జరిపే వీలుంటుంది, అప్పుడు రీడింగు తక్కువ చూపిస్తుంది. బోరింగు కొట్టగానే పట్టొద్దు, పైపులో నిలువున్న నీళ్లు పోయేదాకా కొట్టి, ఆ నీళ్లతోనే సీసా కడిగి, అప్పుడు పట్టాలి. కొట్టేది మేం, బిందెలు నిండేది అక్కడి ఆడవాళ్లవి. అందుకే మమ్మల్ని ఏ ఊర్లోనూ ఎవరూ వద్దనలేదు.

ల్యాబులో స్పాడ్న్స్ అనే రంగుతో ఫ్లోరైడ్ కొలిచే పద్ధతి. జిర్కోనియం, ఆ రంగు కలిసిన ఎర్రటి ద్రావణంలో నీళ్లు పోస్తే ఫ్లోరైడ్ జిర్కోనియాన్ని లాక్కుంటుంది, ఎరుపు తగ్గుతుంది. ఎంత తగ్గిందో 570 నానోమీటర్ల దగ్గర చదవాలి. అంటే మన దగ్గర ఎర్రగా మిగిలినవే మంచినీళ్లు. తమాషా ఏమిటంటే ఆ పద్ధతి లీటరుకు 1.4 మిల్లీగ్రాముల దాకానే సరిగ్గా పనిచేస్తుంది. మేం తెచ్చిన సీసాల్లో చాలా వాటిని డిస్టిల్డ్ వాటర్‌తో పలుచన చేస్తే గానీ ఆ హద్దులోకి దిగేవి కావు. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు మన దేశపు ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా. పలుచన చేసిన లెక్కను మళ్లీ గుణించి నోట్‌బుక్‌లో రాస్తుంటే ఎవరం మాట్లాడేవాళ్లం కాదు. ఒకే ఊర్లో, ఒకే వాడలో, ఈ బోరు తాగొచ్చు, ఆ బోరు వద్దు అని తేలడం మరీ విచిత్రం. కింద గ్రానైటు. అందులో ఫ్లోర్‌స్పార్, అపటైట్, బయోటైట్ ఎక్కడ ఎంత ఉన్నాయి, నీళ్లలో కాల్షియం ఎంత తక్కువ, బైకార్బొనేట్ ఎంత ఎక్కువ అన్నదాన్ని బట్టి బోరు బోరుకూ లెక్క మారిపోతుంది.

రెండోసారి పోయినప్పుడు ఒక అవ్వ నిలబెట్టి అడిగింది.

"కాగవెట్టుకొని తాగితే పోదా బిడ్డా?"

"పోదవ్వా. నీళ్లు ఆవిరైతయి, ఫ్లోరైడ్ అడుగుకే ఉంటది. ఇంకింత చిక్కనైతది."

"మరి గా సీసలు పట్టుకపోయి ఏం జేస్తున్నరు?"

ఈ ప్రశ్న సారుకు చెప్పాం. రిపోర్టు ఇంగ్లిషులో యూనివర్సిటీకి ఒకటి, తెలుగులో ఊరికొకటి రాయమన్నారు. ఏ బోరు ఎక్కడున్నది, ఎంత వచ్చింది, తాగొచ్చా వద్దా, ఇంతే. పంచాయతీ ఆఫీసు గోడకు అంటించి వచ్చాం. వైవాలో ఎగ్జామినర్ ఇంగ్లిషు రిపోర్టు తిరగేసి మార్కులు వేశారు. తెలుగుదాని ఊసెత్తలేదు. నా దృష్టిలో మేం రాసిన వాటిలో చదవదగ్గది అదే.

కెమిస్ట్రీ పుస్తకాల్లో మన ఊరి పేరుతో ఒక పద్ధతే ఉంది. నల్గొండ టెక్నిక్. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపితే ఫ్లోరైడ్ మడ్డితో పాటు అడుక్కు దిగుతుంది, పైనీళ్లు వంచుకోవాలి. టాంజానియా, ఇథియోపియాల్లో కూడా వాడి చూశారు. కానీ పటిక కొలత తప్పితే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది, మడ్డి ఎక్కడ పారబోయాలో తెలియదు, రోజూ ఇదంతా చేసే ఓపిక ఇంట్లో ఎవరికుంటుంది? నది నీళ్లు పైపుల్లో రావడమే అసలు మందు అని అప్పుడే అనుకున్నాం. 2015లో ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్‌ను చౌటుప్పల్‌లో ఆవిష్కరించిన రోజు మా వాట్సాప్ గ్రూపులో ఆ బోరింగుల ఫొటోలన్నీ మళ్లీ తిరిగాయి.

నౌకరీ మాట కూడా చెప్పాలి. మాలో లెక్చరర్లు అయినవాళ్లు కొందరే. ఎక్కువమందిమి ఫార్మా కంపెనీ బస్సులెక్కాం. క్వాలిటీ కంట్రోల్ ఇంటర్వ్యూలో నన్ను హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏది ఎంతుందో కొలిచే యంత్రం) గురించి అడుగుతారనుకుంటే, ఆ పెద్దాయన ప్రాజెక్టు పేజీ చూసి "ప్లాస్టిక్ సీసా ఎందుకు?" అన్నారు. చెప్పాను. "పలుచన ఎన్ని రెట్లు, ఎక్కడ రాసుకున్నవ్?" చెప్పాను. నా పక్కన కూర్చున్న అబ్బాయి పుస్తకంలో రంగు రంగుల ఎన్‌ఎంఆర్ గ్రాఫులున్నాయి. ఏ సాల్వెంట్‌లో తీశారో అతనికి తెలియదు. అతని తప్పు అనను, డబ్బు తీసుకున్నవాళ్లు అతన్ని ల్యాబు గడప తొక్కనిస్తే కదా.

కంపెనీలో మొదటి వారం శిక్షణంతా ఒకటే పాట: తప్పు అంకెను చెరపొద్దు, వైట్‌నర్ పూయొద్దు, పాత అంకె కనిపించేట్టు ఒక గీత కొట్టి, పక్కన సంతకం, తేదీ. మిగతా కాలేజీల పిల్లలు ఇదేం చాదస్తం అనుకున్నారు. మా సారు ఫస్టియర్ టైట్రేషన్ల నుంచే రబ్బరు కనిపిస్తే బయటికి పంపేవారు గనుక నాకు కొత్తగా అనిపించలేదు. ఇప్పుడు ఆడిటర్లు కంప్యూటర్‌లో ఆడిట్ ట్రెయిల్ (ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే చిట్టా) తెరిచి, చెరిపిన ప్రతి రీడింగుకూ కారణం అడుగుతుంటే ఆయనే కళ్లముందు మెదులుతారు.

ఇంతకూ ఈ సంచిక చదివే మిత్రులకు ఒక పని. ఫ్లోరైడ్ అయాన్ ఎలక్ట్రోడ్ ఒకటి కొని డిపార్ట్‌మెంట్‌కు ఇద్దామని మా బ్యాచ్ గ్రూపులో మాట నడుస్తున్నది. దాంతో ఇంత పలుచన పని ఉండదు, రీడింగు సరిగ్గా రావడానికి టిసాబ్ అనే బఫర్ ద్రావణం కలిపి ముంచితే చాలు. చందాల లెక్క గ్రూపులో పెడతాం, వేరే బ్యాచ్‌లవాళ్లు కలిసినా సంతోషమే. జూనియర్లు ఎలక్ట్రోడ్ కొసన ఉండే లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికం మీద వేలు పెట్టకుండా చూసుకోవాలి. ఇంకో షరతు కూడా ఉంది, రిపోర్టు రెండు భాషల్లో రాయాలి.