సెయిలింగ్ లాగ్: స్కూనర్ మీద మూడో రోజు, వెనక నురగ గీత కాస్త తిన్నగా వచ్చింది

పోయినేడాది చెరువులో ఇద్దరు పట్టే చిన్న పడవతో మొదలైన పిచ్చి ఈ జూలైలో అమెరికాలోని మెయిన్ రాష్ట్రం దాకా తీసుకొచ్చింది. కామ్డెన్ రేవులో ఎక్కాం, నాలుగు రాత్రులు పెనాబ్‌స్కాట్ బేలో తిరుగుడు. రెండు కొయ్యల చెక్క స్కూనర్, అంటే తెరచాపల ఓడ, లోపల ఇంజిన్ లేదు. పడవ పేరు రాయను, కింద కొన్ని తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి.

ఇవి టూరిస్టుల కోసం పుట్టిన రకం పడవలు కావు. కలప, గ్రానైట్, సున్నం మోసేవి. ఆ సరుకంతా వేరే దారులు పట్టాక, 1936లో ఫ్రాంక్ స్విఫ్ట్ అనే ఆయన ఇదే కామ్డెన్ నుంచి పాత స్కూనర్లో జనాన్ని తిప్పడం మొదలుపెట్టాడు. నిన్న మా పక్క నుంచి వెళ్లిన లూయిస్ ఆర్ ఫ్రెంచ్ అనే స్కూనర్ 1871లో నీళ్లలోకి దిగింది, ఇంకా బాడుగకు తిరుగుతూనే ఉంది. మా తాతయ్యది తాళ్లరేవు వైపు, కోరంగిలో ఓడలు కట్టిన కాలం గురించి చిన్నప్పుడు ఎంతో చెప్పేవాడు, నేను సగం వినలేదు. ఇప్పుడు డబ్బు కట్టి మరీ మోకులు లాగుతున్నా.

ఇక ఈ రోజు సంగతి. తెల్లారుజామున అయిదుకే మెలకువ, వంటావిడ కట్టెల పొయ్యి రాజేస్తుంది, మా క్యాబిన్ గోడ అవతలే వంటగది. పడక ఎంత సన్నమంటే పక్కకి తిరగాలంటే ముందు ప్లాన్ వేసుకోవాలి, లేస్తూ పై దూలానికి తల కొట్టుకోవడం మూడు రోజుల్లో నాలుగోసారి. ఆరింటికి డెక్ మీద కాఫీ, అప్పటికే పడవ కుర్రాళ్లు బకెట్లతో సముద్రం నీళ్లు తోడి డెక్ కడుగుతుంటారు. ఎనిమిదికి గంట కొడితే టిఫిన్, ఇవాళ బ్లూబెర్రీ పాన్‌కేకులు.

అసలు పని తొమ్మిదికి. పెద్ద తెరచాప ఎత్తడానికి రెండు మోకులుంటాయి, ఒకటి కొయ్యకి ఆనుకునే కొసని ఎత్తేది (త్రోట్), రెండోది తెరచాప పైన ఉండే అడ్డకర్ర బయటి కొసని ఎత్తేది (పీక్). ఎడమ పక్క ఎనిమిది మంది, కుడి పక్క ఎనిమిది మంది నిలబడి లాగాలి. బలం సరిపోతే చాలనుకున్నా మొదటి రోజు. కాదు. రెండు పక్కలా ఒకే వేగంతో లాగితేనే ఆ అడ్డకర్ర సమంగా లేస్తుంది, ఒక జట్టు తొందరపడితే కర్ర ఏటవాలుగా బిగుసుకుపోయి అందరి చెమటా వృథా. త్రోట్ పైకి చేరాక ఆ జట్టు ఆగుతుంది, పీక్ వాళ్లు మాత్రం ఇంకా లాగుతూ బయటి కొసని ఆకాశం వైపు ఎత్తుతారు, తెరచాపలో ముడతలు పోయేదాకా. ఇవాళ పీక్ మోకులో ముందు నిలబడి అవతలి జట్టుని చూస్తూ లాగడం మొదటిసారి కుదిరింది. చేతికి రెండు బొబ్బలు. గ్లవ్స్ తెచ్చుకోండి, వేళ్ల కొసలు తెరిచి ఉండే రకం.

తరవాత లంగరు. ముందు భాగంలో విండ్‌లాస్ (లంగరు గొలుసు లాగే యంత్రం) ఉంటుంది, అటు ఇద్దరు ఇటు ఇద్దరు నిలబడి చేతి పంపు కొట్టినట్టు మార్చి మార్చి నొక్కుతుంటే గొలుసు ఒక్కో కొలికీ లోపలికి వస్తుంది. పావుగంట పట్టింది. గాలి లేని పొద్దున్న అయితే వెనక వేలాడదీసిన చిన్న మోటారు పడవని దించి, దాని ముక్కు స్కూనర్ వెనక ఆనించి నెట్టిస్తారు. నిన్న పొగమంచులో గంటన్నర అలాగే వెళ్లాం, బూర ఊదుకుంటూ.

చుక్కాని దగ్గర అరగంట దొరికింది, మధ్యాహ్నం ముందు. ఇక్కడే నా అసలు సమస్య. చెరువు పడవలో కర్ర కదిపితే వెంటనే తిరుగుతుంది, ఇది తిరగడానికి ఆలోచిస్తుంది, నేను ఆగలేక చక్రం ఇంకో రెండాకులు తిప్పేస్తాను, అప్పుడు అటు ఎక్కువ తిరిగిపోతే మళ్లీ ఇటు, కంపాస్ ముల్లు వెంట పరుగెత్తడమే. కెప్టెన్ తిట్టలేదు, వెనక్కి చూడమన్నాడు. నీళ్లలో మా నురగ గీత పాము పాకినట్టు ఉంది. చక్రం ఒక్క ఆకు తిప్పి మూడు అంకెలు లెక్కపెట్టు, కంపాస్ వదిలేసి దూరంగా ఒక కొండనో దీపస్తంభాన్నో పట్టుకో అన్నాడు. అలా చేస్తే నిజంగానే గీత తిన్నబడింది, పూర్తిగా కాదు, మా ఊరి మట్టిరోడ్డు స్థాయికి. మధ్యలో లాబ్‌స్టర్లు (పెద్ద రొయ్యల్లాంటివి) పట్టే బుట్టల గుర్తులు రంగురంగుల బిళ్లల్లా ఎక్కడ చూసినా తేలుతుంటాయి, వాటిని తప్పించడం ఇంకో పరీక్ష.

ఇవాల్టి తప్పు కూడా రాసుకోవాలి. మోకు చుట్టేటప్పుడు గడియారం ముల్లు తిరిగే వైపే చుట్టాలి. మాటల్లో పడి ఒక చుట్ట ఎడమకి చుట్టేశా. సాయంత్రం తెరచాప దించుతుంటే అది మెలికపడి కప్పీలో ఇరుక్కుంది, అడ్డకర్ర సగంలో ఆగి అందరూ నా వైపే. పడవ మీద ఒకరి బద్ధకం ఇంకొకరి చేతిలో చిక్కుముడిగా తేలుతుంది, పడవ కుర్రాడొకడు నవ్వుతూనే విప్పాడు గానీ నాకు చెవులు వేడెక్కాయి.

మధ్యాహ్నం నైరుతి గాలి లేచింది, వైనల్‌హేవెన్, నార్త్ హేవెన్ దీవుల మధ్య జలసంధిలోంచి వెళ్లాం. ఎక్కడ ఆగుతాం అని అడిగితే గాలి చెప్పాలి అంటాడు కెప్టెన్, రూట్ మ్యాప్ అడగొద్దు. నాలుగున్నరకి ఒక దీవి చాటున లంగరు. ఈతకి దూకినవాళ్లు దూకినంత వేగంగా పైకొచ్చేశారు, జూలైలో కూడా నీళ్లు అంత చలి. ఇక్కడ పోటుకీ పాటుకీ తేడా సుమారు పదడుగులు, పొద్దున్న నీళ్ల కింద ఉన్న బండలు సాయంత్రానికి సీల్ చేపలు పడుకునే అరుగులు. (చేపలు కావు లెండి, మా ఆవిడ సరిదిద్దింది.)

మా ఆవిడ శాకాహారి. బుకింగ్ ఫారంలోనే రాశాం, వంటావిడ బీన్స్, కాల్చిన కూరగాయలు విడిగా చేసింది, ఇబ్బంది పడలేదు. అయినా కందిపొడి డబ్బా తీసుకెళ్లాం. నిన్న దీవి ఒడ్డున లాబ్‌స్టర్ విందు, పెద్ద డబ్బాలో సముద్రపు నాచు పొరల మధ్య ఉడికించారు, అదే మంటమీద మొక్కజొన్న. "ఏమండీ, కాస్త పొడి వేసి చూడమనండి" అంది. వంటావిడ వెన్న రాసిన పొత్తు మీద చల్లుకుని తింది. ఇవాళ డబ్బా నా దగ్గర లేదు, వంటగదిలో ఉంది.

వెళ్లేవాళ్ల కోసం: గట్టి సూట్‌కేస్ వద్దు, మడిచి మూల పెట్టే గుడ్డ సంచి. పూర్తి వాన కోటు, ప్యాంటుతో సహా. జారని రబ్బరు బూట్లు. ఉన్ని టోపీ తెస్తే నవ్వుతారనుకున్నా, రాత్రి అందరి నెత్తినా ఉంది. తలకు కట్టుకునే టార్చి, ఎర్ర దీపం ఉన్నది. చెవుల్లో పెట్టుకునే దూది లేదా ప్లగ్గులు, ఎందుకంటే పైన అడుగుల చప్పుడు పొద్దున్న ఆగదు. పవర్ బ్యాంక్ నింపి తెచ్చుకోండి. మరుగుదొడ్డి చేత్తో పంపు కొట్టేది, దానికో పద్ధతి ఉంది, మొదటి రోజు చెప్పేటప్పుడు శ్రద్ధగా వినండి, నేను విననందుకే ఇంత నొక్కి చెప్తున్నా.

లెక్కలు: బౌలైన్ ముడి (జారని ఉచ్చు ముడి) మొదటి రోజు 40 సెకన్లు, ఇవాళ 11. పడవ అంచు కమ్మీ మీద మోకులు చుట్టే పిన్నుల్లో ఏ మోకు దేనిదో 19 గుర్తొచ్చాయి, ముందు కొయ్య దగ్గరవి ఇంకా కలగాపులగం. రేపు పొద్దున్న కాఫీ కప్పు పట్టుకుని అక్కడే నిలబడాలి, ఎవరూ లేవకముందు.