అమ్మాయి చేతికి పానా, తాతయ్య చెవికి ఫోను

‘మా చిన్నప్పుడు’ అని నేను నోరు తెరిస్తే చాలు, మా అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టేసుకుంటుంది. పద్నాలుగేళ్ల పిల్ల, పుట్టి పెరిగిందంతా ఇంగ్లండ్‌లోనే. అంబాసిడర్‌లో పదిమందిమి ఇరుక్కుని పెళ్లికి వెళ్లడం, డ్రైవరు ఒక భుజం కిటికీ బయటపెట్టి నడపడం, ఇవన్నీ ఎంత ఊరించి చెప్పినా దానికి పట్టేది కాదు. పట్టాలని అనుకోవడం కూడా అన్యాయమే లెండి. తను చూడని దాని మీద బెంగ ఎక్కడినుంచి వస్తుంది? మన బెంగ మనం పిల్లల మీద పెట్టి, వాళ్లు మోయట్లేదని నొచ్చుకోవడం ప్రవాసంలో బాగా అలవాటైపోయింది.

కారు కొన్నాక కథ మారింది. 1957 నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ, ఒక పెద్దాయన షెడ్డులో ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉన్నది. డబ్బు తగలేశానని మా ఆయన ఇప్పటికీ అంటూనే ఉంటాడు. నాకు మాత్రం ముందునుంచి చూస్తే అది అచ్చం అంబాసిడరే, కాకపోతే చుట్టరికం తిరగేసి చెప్పుకోవాలి: ఆక్స్‌ఫర్డ్ పక్కన కౌలీలో తయారైన ఈ కారునే బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్‌గా చేసింది. ఇక్కడ సిరీస్ త్రీ 1959కే ఆగిపోతే, అక్కడ అంబాసిడర్ 2014 దాకా వచ్చింది. ‘అయితే ఇది మా ఇంగ్లండ్ కారే’ అంటుంది మా పిల్ల. యాభై ఏళ్లకు పైగా చేసినవాళ్లది కాకుండా రెండుమూడేళ్లు చేసి వదిలేసినవాళ్లది ఎలా అవుతుందే అంటాను నేను. ఈ తగువు తేలదు, తేలకపోయినా పర్వాలేదు.

దానికి అసలు రుచి పుట్టింది బాగుచెయ్యడంలో కాదు, గుర్తుపట్టడంలో. తెనాలిలో మా నాన్న మెకానిక్ షెడ్డు పెట్టిన కొత్తలో ఒక అంబాసిడర్ పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో ఒకటుంది, అది 1970లో తీసిందని ఇంట్లో అందరి నమ్మకం. మా పిల్ల ఆ ఫోటోని పెద్దది చేసి చూసి, గ్రిల్‌లో, అంటే ముందున్న జాలీలో, అడ్డ పట్టీలున్నాయి కాబట్టి ఇది అంబాసిడర్ మూడో రకం మార్క్ త్రీ, మార్క్ టూ అయితే సన్న గళ్లుండాలి, మార్క్ త్రీ వచ్చిందే 1975లో అని తేల్చేసింది. నాన్న కాసేపు వాదించి, చివరికి ‘అవునే, పెద్దమ్మాయి అప్పటికే బడికెళ్తోంది’ అని ఒప్పుకున్నారు. మనవరాలు తనకంటే ముందు గ్రిల్ చూసినందుకు ఆయనకి కొంచెం ఉక్రోషం, చాలా గర్వం.

అప్పట్నుంచి ఆదివారం పొద్దున్నే తాతయ్యకి వీడియో కాల్. ఇక్కడ ఒక చిక్కు వచ్చిపడింది. ఇంజన్ శబ్దం వినిపిద్దామని ఫోను బానెట్ దగ్గర పెడితే, ఆ యాప్ అదంతా అనవసరపు రొదనుకుని నొక్కేసేది, నాన్నకి మా మాటలు తప్ప ఇంకేం వినపడేవి కావు. ఇప్పుడు విడిగా రికార్డు చేసి పంపిస్తున్నాం. ఆయన కళ్లు మూసుకుని విని, ‘టాపెట్లు కొడుతున్నాయి, సందు పదిహేను థౌ పెట్టండి’ అన్నారు. టాపెట్లంటే ఇంజన్లో వాల్వులు తెరిచే భాగాలు. మా పిల్ల ఊరుకోదుగా, వర్క్‌షాప్ మాన్యువల్ తెరిచి చూసింది. అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులు, సరిగ్గా అదే అంకె. దానికి ఆశ్చర్యం, ఆయనకి కోపం. ‘చెప్పింది ముందు చెయ్యి, తర్వాత అడుగు’ అన్నది ఆయన షెడ్డు పద్ధతి, ఎందుకో తెలియకుండా ఒక్క నట్టు కూడా తిప్పకూడదన్నది దీని బడి పద్ధతి. మధ్యలో నేను ఫోను పట్టుకుని నిలబడి, ఆయన విసుగుని కొంచెం మెత్తగానూ, దీని ప్రశ్నల్ని కొంచెం మర్యాదగానూ మార్చి అటూ ఇటూ అందిస్తూ ఉంటాను. అయినా దాని తెలుగు ఈ మధ్య బాగానే సాగుతోంది, కాకపోతే అన్నీ ‘బిగించు’, ‘వదులు చెయ్యి’, ‘ఆగాగు’ లాంటివే.

పానాల సంగతి కూడా చెప్పాలి. ఇంట్లో ఉన్న మిల్లీమీటర్ల సెట్టు ఈ కారుకి చాలావరకు పనికిరాదు, అంగుళాల లెక్క పానాలే కావాలి. దగ్గరగా ఉందని మిల్లీమీటరుది పెట్టి బలంగా తిప్పితే నట్టు మూలలు అరిగిపోతాయి. పెట్రోలు విషయంలోనూ అంతే, 2021 నుంచి ఇక్కడి మామూలు పెట్రోల్లో పది శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, పాత రబ్బరు గొట్టాలకి అది పడదు, అందుకే ఇథనాల్ ఐదు శాతం మించని, ఖరీదైన ఈఫైవ్ పెట్రోలు కొట్టిస్తున్నాం. నలభై ఏళ్లు దాటిన, పెద్దగా మార్పులు చేయని కార్లకి ఇక్కడ బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందో లేదో చూసే ఏటేటా ఎంఓటీ పరీక్ష తప్పనిసరి కాదు గానీ, పిల్ల కూర్చునే కారు కదా, నేను చేయిస్తాను. బ్రేకుల దగ్గర నాకు టెన్షన్ ఎక్కువ.

నేను ఊహించనిది ఒకటే. పాతదాన్ని పాతగానే ఉంచాలని పట్టుబట్టేది నాన్న అనుకున్నాను, పూర్తిగా తలకిందులైంది. ఆయన జీవితమంతా బండి మర్నాడు మళ్లీ రోడ్డెక్కడం కోసం పనిచేసిన మనిషి, దొరికిన సామాను బిగించి పంపేవారు, అంబాసిడర్‌కి డీజిల్ ఇంజన్లు కూడా ఎక్కించారు. ఆయనకి ఆ కారంటే అన్నం పెట్టిన పని, అంతకుమించి మురిపెం లేదు. ‘డైనమో తీసేసి ఆల్టర్నేటర్ పెట్టుకోక ఎందుకే ఈ కష్టం’ అంటారు. రెండూ ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించేవే, డైనమో పాతకాలంది. దీనికేమో ఆ లూకాస్ డైనమో ఒంటిమీద కొట్టిన నెల, సంవత్సరం ముద్రే ప్రాణం, అది కారు వయసుకి సరిపోయిందని తెలిసిన రోజు బడిలో ఫస్టొచ్చినట్టు గెంతింది. పైగా ఆ కాలపు బ్రిటిష్ కార్లలో బ్యాటరీ పాజిటివ్‌ని బాడీకి కలిపేవారు, ఆల్టర్నేటర్ పెట్టాలంటే సాధారణంగా దాన్ని తిరగేసి నెగటివ్‌ని బాడీకి కలపాలి. తిప్పకపోతే ఇప్పటి రేడియో పెట్టుకోలేం. రేడియో లేకపోయినా సరే, తిప్పేది లేదంది.

ఇద్దరూ నన్ను తీర్పు చెప్పమన్నారు. కారు దానిది, కాబట్టి ప్రస్తుతానికి డైనమోయే ఉంది. చలికాలం సాయంత్రం హెడ్‌లైట్లు, వైపర్లు, హీటరు ఒకేసారి వేస్తే ఆ డైనమో చేతులెత్తేస్తుందని నాన్న జోస్యం. కావాలంటే హీటరు ఆపేసి దుప్పటి కప్పుకుంటానంటోంది ఇది.