రాజీనామా చేసి రండి, అప్పుడు ఓటడగండి

మా మండలంలో స్థానిక ఎన్నికల మాటలు మొదలయ్యాయి. నోటిఫికేషన్ సంగతి తేలకముందే ఎవరికి బీ ఫారం వస్తుంది, ఎవరు రెబెల్‌గా దిగుతారు అన్న లెక్కలు పాల కేంద్రం దగ్గర, టీ కొట్టు దగ్గర నడుస్తున్నాయి. అందులో ఒక పేరు విని నాకు కోపం, బాధ రెండూ కలిగాయి. 2021లో ఒక పార్టీ గుర్తు మీద ఎంపీటీసీగా గెలిచిన మనిషి, 2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారిన కొద్ది వారాలకే అవతలి కండువా కప్పుకున్నాడు. పదవి మాత్రం వదల్లేదు. ఇప్పుడు కొత్త పార్టీలో టికెట్ అతనికే ఖాయమంటున్నారు. ఆ పార్టీ నేను ఏళ్లుగా ఓటేస్తున్న పార్టీ. అందుకే ఇది రాస్తున్నాను. అవతలి పక్షంలో ఈ పని జరిగితే తిట్టడానికి చాలామంది ఉన్నారు.

నేను సంప్రదాయవాదిని. గుడి, ఇల్లు, సొంత భూమి, ఉన్నంతలో బతకడం, పెద్దలు నిలబెట్టిన వ్యవస్థను కదిలించే ముందు పదిసార్లు ఆలోచించడం, వీటి మీద నమ్మకం ఉన్నదాన్ని. ఖజానాలో లేని డబ్బు పంచుతామని ఏ పార్టీ చెప్పినా నాకు నచ్చదు. నాలాగే ఆలోచించేవాళ్లు మా బంధువుల్లో, పాత సహోద్యోగుల్లో చాలామందే ఉన్నారు. దేవాలయాల ఆస్తుల గురించి, రాష్ట్రం అప్పుల గురించి, పిల్లల చదువుల్లో తెలుగు తగ్గిపోవడం గురించి గంటలకొద్దీ మాట్లాడతారు. ఫిరాయింపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు తగ్గిపోతుంది. అవతలివాడు మనవైపు వస్తే "పోనీలెండి, మన బలం పెరిగింది కదా" అంటారు. ఇచ్చిన మాట మీద నిలబడాలని పిల్లలకు చెప్పే ఇళ్లలో ఈ మాట వినిపిస్తే నాకు మనసొప్పదు.

జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్‌గా చేశాను. సర్వీసులో చాలా ఎన్నికలకు ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా డ్యూటీ పడింది. ఆ పని చేసినవాళ్లకు తెలుసు, ఒక్క ఓటు కోసం ఎంత జాగ్రత్త పడాలో. పోలింగ్ ఏడింటికి మొదలవ్వాలంటే ఐదున్నరకే ఏజెంట్ల ముందు మాక్ పోల్ పెట్టాలి. కనీసం యాభై ఓట్లు వేసి, ఫలితం చూపించి, మళ్లీ క్లియర్ చేసి, మెషిన్‌లో సున్నా ఉందని అందరికీ చూపించాలి. ఆకుపచ్చ పేపర్ సీల్ మీద ఏజెంట్లు సంతకాలు పెట్టాలి. సాయంత్రం క్లోజ్ బటన్ నొక్కాక కంట్రోల్ యూనిట్‌లో కనిపించే మొత్తం, 17ఏ రిజిస్టర్‌లో సంతకాలు పెట్టినవాళ్ల సంఖ్య పక్కపక్కన పెట్టి సరిచూడాలి. ఆ లెక్క 17సీ ఫారంలో రాసి ప్రతి ఏజెంటుకూ కాపీ ఇవ్వాలి.

ఒకసారి రెండు లెక్కలకూ ఒక్క ఓటు తేడా వచ్చింది. రిజిస్టర్‌లో ఒకటి ఎక్కువ, మెషిన్‌లో ఒకటి తక్కువ. బయట చీకటి పడిపోయింది, సామాను తీసుకెళ్లడానికి బస్సు వచ్చి హారన్ కొడుతోంది, ఏజెంట్లు ముగ్గురూ నా ముఖమే చూస్తున్నారు. నాకు చేతులు చెమటలు పట్టాయి. చివరికి రెండో పోలింగ్ ఆఫీసరుకు గుర్తొచ్చింది. మధ్యాహ్నం ఒక పెద్దాయన సంతకం పెట్టి, సిరా వేయించుకుని, ఎవరితోనో మాటామాటా పెరిగి ఓటు వేయకుండానే వెళ్లిపోయాడు. అప్పుడే ఆయన పేరు ఎదురుగా ఆ సంగతి రాసి ఉండాల్సింది, రద్దీలో రాయలేదు. పేజీలన్నీ తిరగేసి ఆ వరస పట్టుకుని, రిమార్కు రాసి, ఏజెంట్లకు చూపించి, వాళ్లు సరేనన్నాకే పెట్టె కట్టాం.

ఒక్క మనిషి నొక్కని బటన్ కోసం ప్రభుత్వం మా చేత అంత లెక్క చెప్పించింది. అది న్యాయమే. మరి ఆ బూతులో, అలాంటి రెండు మూడు వందల బూతుల్లో జనం నొక్కిన గుర్తును గెలిచినవాడు ఒక సాయంత్రం పార్టీ ఆఫీసుకెళ్లి ఫొటో దిగి మార్చేస్తే, దానికి లెక్క చెప్పే ఫారం ఏదీ లేదు.

చట్టం లేదని కాదు. ఆ చట్టానికి ముందు జరిగిన కథలో మన రాష్ట్రానిదే పెద్ద భాగం. 1984 ఆగస్టులో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వాన్ని గవర్నర్ రాంలాల్ బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావు గారిని కూర్చోబెట్టారు. ఎమ్మెల్యేలను కాపాడుకోవడానికి రాష్ట్రం దాటించి దాచుకోవాల్సి వచ్చింది. నెల తిరిగేసరికి సెప్టెంబరు 16న రామారావు గారు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. నాకు ఆయనలో అన్నీ నచ్చవు గానీ ఆ తర్వాత చేసిన పని మాత్రం ఎప్పటికీ మెచ్చుకుంటాను. తిరిగి వచ్చిన కుర్చీని పట్టుకుని కూర్చోలేదు. సభ రద్దు చేయించి 1985 మార్చిలో ప్రజల దగ్గరికి వెళ్లి 202 సీట్లు తెచ్చుకున్నారు. అదే ఏడాది 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూల్, అంటే ఫిరాయింపుల నిరోధక చట్టం అమల్లోకి వచ్చింది.

అందులో మొదటినుంచీ సందులున్నాయి. మూడో వంతు సభ్యులు కలిసి బయటికొస్తే అది చీలిక, శిక్ష లేదు. అంటే ఒకడు మారితే తప్పు, గుంపుగా మారితే ఒప్పు. 2003లో 91వ సవరణ ఆ చీలిక నిబంధన తీసేసింది. కానీ మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే విలీనం అనే దారి అలాగే ఉంచింది. 2019లో తెలంగాణలో ఏం జరిగిందో చూడండి. అంతకుముందు 2018 ఎన్నికల్లో కాంగ్రెస్ 19 సీట్లు గెలిచింది. ఒకరు ఎంపీగా గెలిచి ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేయడంతో 18 మంది మిగిలారు. సరిగ్గా 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమైపోయారు. పద్దెనిమిదిలో పన్నెండు, రెండు వంతులు. కాంగ్రెస్‌కు ఓటేసిన లక్షల మందిని ఎవరూ అడగలేదు. 2023లో ఆ కాంగ్రెస్సే అధికారంలోకి వచ్చింది, ఈసారి పది మంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేలు ఫిరాయించారన్న ఫిర్యాదులు. వాళ్లలో ఒకాయన ఒక పార్టీ ఎమ్మెల్యేగా ఉంటూనే 2024లో ఇంకో పార్టీ గుర్తు మీద లోక్‌సభకు పోటీ చేశారు. స్పీకర్ మూడు నెలల్లో తేల్చాలని 2025 జులై 31న సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

మన ఆంధ్రప్రదేశ్‌లో చూసినా అంతే. 2014 తర్వాత 23 మంది వైఎస్సార్ కాంగ్రెస్ ఎమ్మెల్యేలు తెలుగుదేశంలో చేరారు. అందులో కొందరు 2017లో మంత్రులయ్యారు. అనర్హత ఫిర్యాదులు స్పీకర్ దగ్గరే ఉండిపోయాయి, సభ గడువు అయిపోయింది. ఆ తర్వాతి సభలో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి నలుగురు, తెలుగుదేశం నుంచి నలుగురు గీత దాటారు. ఆ ఎనిమిది మందిపై వేటు పడింది 2024 ఫిబ్రవరిలో, అంటే మే 13 పోలింగ్‌కు రెండున్నర నెలల ముందు. అప్పటికి వాళ్ల పదవిలో మిగిలింది ఏముంది? స్థానిక సంస్థల్లోనూ ఇదే తంతు. 2021లో వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచిన విశాఖ కార్పొరేషన్‌లో 2025 ఏప్రిల్‌లో అవిశ్వాసం నెగ్గి మేయర్ దిగిపోయారు. ఓటర్లు మధ్యలో ఒక్కసారి కూడా బూతుకు వెళ్లలేదు.

స్పీకర్‌ను తప్పుపట్టడం తేలిక. కానీ ఆయన కూడా ఒక పార్టీ టికెట్ మీద గెలిచినవాడే, రేపు మళ్లీ ఆ టికెట్టే అడగాలి. అలాంటి మనిషి చేతిలో తన పార్టీకి లాభమో నష్టమో తెచ్చే తీర్పు పెట్టడమే అసలు లోపం.

పార్టీ మారిన ప్రతివాళ్లూ చెప్పే మాట ఒకటుంది: "నియోజకవర్గ అభివృద్ధి కోసమే." ఈ మాటను మనం మరీ తేలిగ్గా వదిలేస్తున్నాం. అధికార పార్టీలో లేకపోతే మా ఊరికి రోడ్డు రాదు, మంచినీటి పైపు రాదు అని ఒక ప్రజాప్రతినిధి బహిరంగంగా ఒప్పుకుంటున్నాడు. అది నిజమైతే, పన్నులు కట్టిన జనాన్ని వాళ్ల ఓటు చూసి శిక్షిస్తున్న ప్రభుత్వం మీద ఆయన సభలో నిలబడి పోరాడాలి. ఆ ప్రభుత్వ పెద్దలతోనే శాలువా కప్పించుకోవడం ఏమిటి? ప్రభుత్వ డబ్బు పార్టీ డబ్బు కాదు అని గట్టిగా చెప్పాల్సింది ముందు నాలాంటివాళ్లే. ప్రభుత్వం చేతిలో మితిమీరిన డబ్బు, పెత్తనం ఉండకూడదని మేం ఎప్పటినుంచో అంటున్నది అందుకే కదా. మంజూరు చేసే చెయ్యి ఎంత పెద్దదైతే దాని చుట్టూ చేరేవాళ్లు అంతమంది ఉంటారు.

ఈ విషయం 1959లోనే పసిగట్టి పార్టీ పెట్టినవాళ్లున్నారు. ఆ ఏడాది జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార సేద్యం తీర్మానం చేసింది. రైతు భూమి రైతు చేతి నుంచి జారిపోతుందని రాజాజీ, మన నిడుబ్రోలు ఆచార్య రంగా గారు కలిసి స్వతంత్ర పార్టీ స్థాపించారు. రంగా గారే దానికి అధ్యక్షులు. 1967లో లోక్‌సభలో 44 సీట్లు గెలిచి ప్రతిపక్షాల్లో పెద్ద పార్టీగా నిలిచింది. మా ఇంట్లో మా తాతగారు వాళ్ల నక్షత్రం గుర్తు గురించి చెప్పేవారు.

"మరి రంగా గారు కూడా పార్టీలు మారారుగా" అని నన్ను అడిగినవాళ్లున్నారు. మారారు. ఢిల్లీలోనూ రాష్ట్రంలోనూ అధికారంలో ఉన్న కాంగ్రెస్‌ను వదిలి, ఒక్క సీటుకూ గ్యారంటీ లేని కొత్త పార్టీలోకి నడిచారు. తర్వాత కాలంలో మళ్లీ కాంగ్రెస్‌కు వెళ్లారు, అది నాకు నచ్చకపోయినా, 1980లో ఆ గుర్తు మీదే గుంటూరు ఓటర్ల ముందు నిలబడి గెలిచారు. మనిషి అభిప్రాయం మారకూడదని నేననను. మారినప్పుడు ఓటరు దగ్గరికి తిరిగి రమ్మంటున్నాను.

స్వతంత్ర పార్టీలో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి. తన మూల సూత్రాల్లో లేని విషయాల మీద సభ్యులు ఎవరి అభిప్రాయం వాళ్లు చెప్పుకోవచ్చని ఆ పార్టీ ముందే రాసుకుంది. ఇప్పటి చట్టం దీనికి తలకిందులుగా పనిచేస్తోంది. ఏ చిన్న బిల్లు మీదైనా విప్, అంటే పార్టీ ఆదేశం, ధిక్కరించి ఓటేస్తే పదవి పోతుంది. కానీ పార్టీనే వదిలేసి అవతలి బెంచీల్లో కూర్చుంటే ఐదేళ్లు గడిచిపోతాయి. మనసులో మాట చెప్పినవాడికి వేటు, మాట తప్పినవాడికి మంత్రి పదవి. ఎన్నికల సంస్కరణల మీద వేసిన దినేశ్ గోస్వామి కమిటీ 1990లోనే, విప్ ధిక్కరించినందుకు వేసే అనర్హతను విశ్వాస తీర్మానం లాంటి ప్రభుత్వ మనుగడ విషయాలకే పరిమితం చేయాలంది, నిర్ణయం ఎన్నికల సంఘం సలహాతో రాష్ట్రపతి లేదా గవర్నర్ తీసుకోవాలంది. 1999లో లా కమిషన్ 170వ నివేదిక చీలిక, విలీనం రెండూ తీసేయమంది. చీలిక ఒక్కటే పోయింది. నేను కొత్తగా కనిపెట్టి అడిగేది ఏమీ లేదు. ఎప్పుడో రాసి పెట్టినవి అమలు చేయమంటున్నాను.

ఉపఎన్నికల ఖర్చు దండగ అని మా వారు అంటారు. పొదుపు గురించి ఇంత మాట్లాడే నువ్వే ఇలా అంటే ఎలా అని. నిజమే, ఖర్చే. అయితే గుర్తు మారితే సీటు వదలాల్సిందేనన్న నియమం గట్టిగా ఉంటే, గెలుపు మీద నమ్మకం లేనివాడు అసలు మారడు. ఖర్చు రెండు మూడు సార్లతో ఆగిపోతుంది. ఫిరాయింపుల వల్ల పోయేది మాత్రం ఏ బడ్జెట్‌లోనూ కనపడదు.

పార్టీల తప్పు కూడా చిన్నదేం కాదు. అధ్యక్ష పదవి ఒక ఇంటి గడప దాటని పార్టీలో పాతికేళ్లు జెండా మోసినవాడికి ఏం మిగులుతుంది? నిన్నటిదాకా తమను కేసుల్లో ఇరికించినవాడే ఇవాళ కండువాతో వచ్చి టికెట్ ఎత్తుకుపోతుంటే, ఆ కార్యకర్తలు వేదిక కింద నిలబడి చప్పట్లు కొట్టాలి. మా మండలంలో ఇప్పుడు అదే జరగబోతోంది. ఆ ఎంపీటీసీ మీద గత ఎన్నికల్లో నామినేషన్ వేయడానికి ఒక్క కుర్రాడు ధైర్యం చేశాడు, నా దగ్గర పదో తరగతి చదివాడు. వేయి కారణాలు చెప్పి ఉపసంహరించుకోమన్నా వినలేదు. ఓడిపోయాడు. ఈసారి అతని పేరు ఎవరూ ఎత్తడం లేదు.

మొన్న ఆదివారం పార్టీ తరఫున నలుగురు ఇంటికొచ్చారు. "మేడమ్, మీరు చెబితే మన వీధిలో ముప్పై ఓట్లు పడతాయి" అన్నారు. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి ఉన్న మాట చెప్పాను. బీ ఫారం అతనికిస్తే ఎంపీటీసీకి నా ఓటు మన గుర్తుకు పడదు. జెడ్పీటీసీ ఓటు జెడ్పీటీసీదే, అక్కడ అభ్యర్థిని చూసి వేస్తాను. వాళ్లలో పెద్దాయన నొచ్చుకున్నాడు. "ఇన్నేళ్ల మనిషివి నువ్వు కూడా ఇలా అంటే ఎలాగమ్మా, అవతలివాళ్లు గెలుస్తారు" అన్నాడు. గెలిస్తే గెలవనివ్వండి, మన గుర్తు మీద గెలిచి రేపు అతను మళ్లీ అటు వెళ్లడని మీలో ఎవరైనా నాకు రాసిస్తారా అని అడిగాను. ఎవరూ మాట్లాడలేదు. ఈ మాట మండల అధ్యక్షుడికి నోటితో చెబితే మరిచిపోతారని, తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను. మా వీధిలో ఇంకో ఆరుగురు కూడా సంతకాలు పెట్టారు. నామినేషన్లు మొదలయ్యేలోగా పక్క వీధికి కూడా వెళ్తాను.