6-4-3, పెన్సిలు తాత, మన రెండు మార్చిలు

మన బ్యాచ్ సంచిక కమిటీ నుంచి మూడుసార్లు ఫోనొచ్చింది. మూడోసారి చేసింది నెల్లూరు గాడు (మనలో అందరికీ మారుపేర్లే) కాబట్టి తప్పించుకోవడం కుదర్లేదు. "నీ సొంత సోది వద్దు, అరిజోనాలోని టెంపీలో మనం చూసిన ఆటల గురించి రాయి, కొత్తగా వెళ్లే పిల్లలకి పనికొచ్చేట్టు ఉండాలి" అన్నాడు. గొడుగు సంగతి ఎత్తొద్దని కూడా అన్నాడు. ఎత్తను.

2015 ఆగస్టులో దిగి 2017 మేలో పట్టాలు పుచ్చుకున్నాం. ల్యాబులూ అసైన్‌మెంట్లూ జీపీఏ గాడు రాస్తాడు, వాడికే గుర్తుంటాయి. నా లెక్కలో అరిజోనా స్టేట్ చదువంటే రెండు మార్చి నెలలు. పొద్దున బాస్కెట్‌బాల్, మధ్యాహ్నం బేస్‌బాల్. ఒక ఆటలో గెలుపోటములను ఎవడూ పట్టించుకోడు, ఇంకో ఆటలో ఒక్క ఓటమితో ఇంటికే. ఈ రెండూ ఒకే నెలలో పెట్టినవాడెవడో మన వీధి భోజనంలో పెరుగన్నం పక్కన ఆవకాయ వడ్డించినవాడై ఉండాలి.

ముందు బేస్‌బాల్. సీజన్‌కి ముందు సాధన ఆటల కోసం జట్లు ఇక్కడికొస్తాయి. ఫిబ్రవరి మధ్యలో పిచ్చర్లు (బంతి విసిరేవాళ్లు), క్యాచర్లు (బ్యాటర్ వెనక పట్టేవాళ్లు) దిగుతారు. తర్వాత మిగతావాళ్లు. ఫీనిక్స్ చుట్టుపక్కల పది స్టేడియాల్లో పదిహేను జట్లు మార్చి చివరిదాకా ఆడతాయి. దాన్నే కాక్టస్ లీగ్ అంటారు. మనకి దగ్గరిది టెంపీ డయాబ్లో స్టేడియం, 1993 నుంచి ఏంజెల్స్ వసంతకాలపు ఇల్లు. తూర్పున మీసాలో స్లోన్ పార్క్, షికాగో కబ్స్‌ది. 2017 మార్చిలో అక్కడ టికెట్టు దొరకడమే కష్టం. అంతకుముందు నవంబరులోనే కదా, 108 ఏళ్ల తర్వాత వాళ్లు వరల్డ్ సిరీస్ కప్పు కొట్టింది.

పెన్సిలు తాత గురించి రాయకపోతే పొడుగు నన్ను ఊరుకోనివ్వడు. ఈ స్టేడియాల్లో సీట్లు చూపించేవాళ్లలో చాలామంది ఉద్యోగ విరమణ చేసినవాళ్లే, వాలంటీర్లు. మన తాత మూడో బేస్ వైపు మెట్ల దగ్గర నిలబడేవాడు. చెవి మీద ఒక పెన్సిలు, జేబులో రెండు. క్రికెట్ స్కోరు రాసిన గీర మనకుందని రెండు నిమిషాల్లో కనిపెట్టేశాడు. "మీ ఆటలో బంతి ఎటు పోయిందో రాస్తారా, ఎవరు పట్టారో రాస్తారా?" అని అడిగాడు. మిర్యాలగూడ నోరు తెరిచేలోపు మన చేతుల్లో తలో షీటూ పెట్టాడు. మిగతా ప్రొఫెసర్లు రెండేళ్లలో నేర్పినదానికన్నా ఆ షీటు మీద ఎక్కువ నేర్చుకున్నామంటే సంచికలో అచ్చు వేస్తారో లేదో.

ముందుగా అంకెలు. పిచ్చర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ 4, థర్డ్ 5, షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేసుల మధ్య నిలబడేవాడు) 6, లెఫ్ట్ ఫీల్డ్ 7, సెంటర్ 8, రైట్ 9. ఈ అంకెలకి చొక్కా మీది నంబర్లతో సంబంధం లేదు, అవి స్థానాలు. షార్ట్‌స్టాప్ బంతి అందుకుని సెకండ్ బేస్‌కి విసిరి, అక్కణ్నుంచి అది ఫస్ట్‌కి పోయి ఇద్దరు అవుటైతే 6-4-3. సెంటర్ ఫీల్డర్ గాల్లో పట్టేస్తే ఎఫ్8. మూడు స్ట్రైక్‌లు పడి అవుటైతే (స్ట్రైకవుట్) ఇంగ్లీషు కె. బ్యాటు తిప్పకుండా నిలబడి మూడో స్ట్రైక్ చూస్తూ అవుటైతే అదే కె తిరగేసి రాయాలి. ప్రతి గడిలో నాలుగు బేసుల గుర్తుగా చిన్న డైమండ్ గీసి, ఎన్ని బేసులు దాటితే అన్ని గీతలు పెట్టి, బయల్దేరిన హోమ్ ప్లేట్‌కి తిరిగొచ్చేస్తే లోపల నల్లగా నింపాలి. అవుటైతే అది ఎన్నో అవుటో సున్నా చుట్టి రాయాలి. ఈ సున్నాలు మరిచిపోయినవాడికి ఆరో ఇన్నింగ్స్‌కి మొత్తం గజిబిజి.

ఇదంతా మామూలు ఆటకి. వసంతకాలపు ఆటకి ఇది చాలదు. పేరున్న ఆటగాళ్లు అయిదో ఇన్నింగ్స్ దాకా ఆడి బయటికొచ్చేస్తారు. తర్వాత దిగేవాళ్ల వీపు మీద ఎనభైలూ తొంభైలూ. కొన్నిసార్లు పేరే ఉండదు, మైనర్ లీగ్ శిబిరం నుంచి ఆ పూటకి పిలిపించినవాళ్లు. ఒక్కో జట్టు తరఫున ఇరవై మందికి పైగా దిగుతారు. అందుకే ఒక్కో బ్యాటర్‌కి మూడు వరుసలు ఖాళీగా వదలాలి. మార్పు జరిగిన ఇన్నింగ్స్ గడికి ఎడమవైపు నిలువు గీత గీసి, కొత్తవాడి నంబరు కింద వరుసలో రాసుకోవాలి. పేరు తర్వాత వెతుక్కోవచ్చు. పెన్ను పనికిరాదు. లౌడ్‌స్పీకర్లో చెప్పేవాడు కూడా తప్పు చెప్పి ఇన్నింగ్స్ తర్వాత దిద్దుకుంటాడు. ఒకేరోజు జట్టుని రెండుగా చీల్చి రెండు ఊళ్లకి పంపుతారు, దాన్ని స్ప్లిట్ స్క్వాడ్ అంటారు. పక్క ఊరికి వెళ్లే జట్టు కనీసం నలుగురు అసలు ఆటగాళ్లని తీసుకెళ్లాలని నియమం. ఆ నలుగురి కోసం టికెట్టు కొంటే మూడింటికల్లా వాళ్లు బస్సు ఎక్కేస్తారు. కాబట్టి మొదటి బంతికి ముందే సీట్లో ఉండాలి.

తాత పదే పదే అన్న మాట ఒకటే: స్కోరు బోర్డు వైపు చూడొద్దు. పిచ్చర్ మొదటి వారాల్లో ఒకటి రెండు ఇన్నింగ్స్ వేస్తాడు, చివరికి అయిదారుకి పెంచుకుంటాడు. ఆ మధ్యలో ఒకరోజు ఛేంజప్ (వేగం తగ్గించి మోసం చేసే బంతి) ఒక్కటే సాధన చేయాలనుకుంటాడు. బ్యాటర్‌కి అది తెలిసిపోతుంది, బాదేస్తాడు. పేపర్లో ఆరు పరుగులిచ్చాడని పడుతుంది, కోచ్ మాత్రం నవ్వుతూ ఉంటాడు. పైగా అది ఎడారి. ఊరు సముద్రమట్టానికి దాదాపు 1,100 అడుగుల ఎత్తు, గాలి పొడి. కర్వ్ బంతి సరిగ్గా వంగదు, గాల్లోకి లేచింది దూరం పోతుంది, గట్టిపడ్డ నేల మీద బంతి జారిపోతుంది. ఫ్లోరిడాలో ఆడే జట్లతో పోలిస్తే ఇక్కడి బ్యాటింగ్ సగటులు ఉబ్బి కనిపించేది అందుకే. మార్చి అంకెలు చూసి ఏప్రిల్లో పందేలు కాసేవాళ్లని చూసి తాత జాలిపడేవాడు.

ఎండ సంగతి. చాలా మైదానాలు హోమ్ ప్లేట్ పడమటి వైపు ఉండేలా కడతారు. మధ్యాహ్నపు సూర్యుడు బ్యాటర్ వెనకకి పోతాడు, రైట్ ఫీల్డర్ కళ్లలో కొడతాడు. ఏడో ఇన్నింగ్స్‌లో రైట్ ఫీల్డ్‌లో బంతి జారితే నవ్వకండి. నీడ కావాలంటే ప్లేట్ వెనక పై వరుసలు. చవక టికెట్టు కావాలంటే అవుట్‌ఫీల్డ్ వెనక గడ్డి గట్టు, దుప్పటి మనమే తీసుకెళ్లాలి. సన్‌స్క్రీన్ మూడో ఇన్నింగ్స్‌లో ఒకసారి, ఆరో ఇన్నింగ్స్‌లో ఒకసారి. చెవులు మరిచిపోతారు అందరూ. గేదె మొహం ఫొటో పెట్టమని కమిటీకి మనవి.

ఇన్‌ఫీల్డ్ ఫ్లై మీద మనవాళ్ల వాదన ఇంకా తెగలేదని విన్నాను. తెంచేస్తాను. ఇద్దరు అవుట్ కాకముందు, ఫస్ట్, సెకండ్ బేసుల్లో రన్నర్లు ఉన్నప్పుడు (మూడు బేసులూ నిండినా సరే) లోపలి ఫీల్డర్ తేలిగ్గా పట్టగల బంతి పైకి లేస్తే, పట్టకముందే బ్యాటర్ అవుట్. ఈ నియమం లేకపోతే ఫీల్డర్ కావాలని బంతి వదిలేసి, బేసుల దగ్గరే ఆగిన రన్నర్లని ఇద్దరినీ అవుట్ చేస్తాడు. నేరుగా దూసుకొచ్చే బంతికీ బంట్‌కీ (బ్యాటు తిప్పకుండా మెల్లగా తాకించిన బంతి) ఇది వర్తించదు. సార్వభౌముడు ఒప్పుకోడు. ఒప్పుకోకపోయినా నియమం ఇదే.

బాస్కెట్‌బాల్‌కి వస్తే మన యూనివర్సిటీ జట్టు రెండేళ్లూ మార్చిలో జరిగే జాతీయ కాలేజీ టోర్నీ గడప తొక్కలేదు. ఆ బాధని తెర తీర్చింది. అవతలి జట్టువాడు ఫ్రీ త్రో (ఫౌల్‌కి దక్కే అడ్డులేని షాట్) వేయబోతుంటే బుట్ట వెనక మన విద్యార్థుల గుంపులో నల్ల తెర తెరుచుకుని ఏదో ఒక వింత బయటపడుతుంది. తెర ముందే తీస్తే వాడు అలవాటు పడిపోతాడు. బంతి చేతికొచ్చి గురి పెట్టే క్షణంలో తియ్యాలి, అదే అందులో పనితనం. 2016 జనవరి 28న ఒరెగాన్ స్టేట్ మీద తెర వెనక నుంచి మైకేల్ ఫెల్ప్స్ ఈత చెడ్డీతో, మెడలో పతకాలతో ప్రత్యక్షమయ్యాడు. వాళ్ల ఫ్రీ త్రోలు రెండూ పోయాయి.

బ్రాకెట్ (ఏ ఆట ఎవరు గెలుస్తారో ముందే రాసే పట్టిక) నింపడం గురించి పిల్లలు తప్పక తెలుసుకోవాలి. 68 జట్లు. మొదటి నాలుగు ఆటలు వదిలేస్తే 64 జట్లు, 63 ఆటలు. అన్నీ సరిగ్గా చెప్పాలంటే ఉన్న దారులు దాదాపు 92 వేల కోట్ల కోట్లు. అందుకని ఎవడూ చెప్పలేడు. మామూలు లెక్కలో మార్కులు రౌండుకి రెట్టింపవుతాయి: 1, 2, 4, 8, 16, 32. మొత్తం 192. మీరు విజేత అనుకున్న జట్టు మొదటి ఆటలోనే పోతే ఒక్క దెబ్బకి 63 మార్కులు, దాదాపు మూడో వంతు. 2016 మార్చి 18న సగం హాలు విజేత మిషిగన్ స్టేట్ అని రాసి కూర్చుంది. రెండో సీడు, అంటే టోర్నీవాళ్లిచ్చిన ర్యాంకు. పదిహేనో సీడు మిడిల్ టెనెసీ 90-81తో పంపించేసింది. నింపాల్సింది లోపలి నుంచి బయటికి: ముందు విజేత, తర్వాత ఆఖరి నలుగురు, తీరికగా మొదటి రౌండు. సంచలనాలు మొదటి రౌండులోనే పెట్టండి, తప్పినా పోయేది ఒక్క మార్కు. అయిదు, పన్నెండు సీడ్ల ఆటల్లో మూడింట ఒకటి పన్నెండుకే వెళ్తుంది. ఆ ఏడాది యేల్ 79-75తో బేలర్‌నీ, లిటిల్ రాక్ పర్డ్యూనీ కొట్టాయి. ఎనిమిది, తొమ్మిది సీడ్ల ఆటకి బొమ్మా బొరుసూ చాలు.

ఇంకో విషయం. అరిజోనాలో గడియారాలు మార్చరు. మార్చి రెండో ఆదివారం తర్వాత తూర్పు తీరానికీ మనకీ మూడు గంటల తేడా. అక్కడ మధ్యాహ్నం 12:15 ఆట మనకి పొద్దున 9:15కే మొదలు, సరిగ్గా ఆ గురువారం క్లాసు వేళకి. ఆఖరి బెంచీ, ఒక చెవిలో ఇయర్‌ఫోన్, ఆ పక్కన జుట్టు. ఇంతకన్నా రాయను.

నార్తర్న్ అయోవా ఆట గుర్తుందా? టెక్సస్ ఏ అండ్ ఎమ్ మీద 44 సెకన్లుండగా 12 పాయింట్ల ఆధిక్యం. చివరికి రెండు అదనపు పీరియడ్లు ఆడి 92-88తో ఓడిపోయారు. నెల్లూరు గాడు పెసరట్టు పెనం మీద మాడ్చింది ఆ 44 సెకన్లలోనే. ఎందుకు జరిగిందంటే, గీత బయటి నుంచి బంతి లోపలికి వేయడానికి అయిదే సెకన్లు. మూలకి వేశారా, ఇద్దరొచ్చి చుట్టేస్తారు, రెండు గీతలు కూడా అవతలి జట్టు తరఫున కాపలా కాస్తాయి. మధ్యలోకి ఒక పొడుగువాణ్ని రప్పించి, అతని తల మీదికి అందించి, వెంటనే మళ్లీ గార్డుకి (బంతి నడిపించేవాడికి) ఇప్పించాలి. బంతి బుట్టలో పడ్డాక లోపలికి వేసేవాడు గీత వెంట పరుగెత్తొచ్చు, కంగారులో అది మరిచిపోతారు. అందుకే నా బ్రాకెట్లో ఎప్పుడూ బంతి పోగొట్టుకోని గార్డులున్న జట్టే పైకి వెళ్తుంది. ఎత్తులు చూసి రాసేవాళ్లకి పెసరట్లు వేసే పని తప్పదు.

2017 ఏప్రిల్ మొదటి మూడు రోజులు ఎవరూ మరిచి ఉండరు. టోర్నీ ఆఖరి నలుగురి ఆటలు, ఫైనల్ ఫోర్, మన గ్లెన్‌డేల్‌కే వచ్చాయి. అంతకుముందురోజు శుక్రవారం జట్ల సాధన చూడ్డానికి ప్రవేశం ఉచితం, కొత్తవాళ్లు ఇది రాసిపెట్టుకోండి. శనివారం నార్త్ కరోలినా 77-76తో ఒరెగాన్‌ని దాటింది, అదీ ఆఖరి ఆరు సెకన్లలో నాలుగు ఫ్రీ త్రోలు వరసగా పోగొట్టి. రెండుసార్లూ తిరిగొచ్చిన బంతి వాళ్లకే చిక్కింది. ఫ్రీ త్రో వేళ బుట్టకి దగ్గరి స్థానాలు రెండూ రక్షించే జట్టువే. వీపుతో అడ్డం పెట్టడం ఒక్కసారి మరిస్తే చాలు, అంతే. సోమవారం ఫైనల్లో గొంజాగా మీద 71-65. నలభై నాలుగు ఫౌల్స్‌తో ఆట చూసినట్టు లేదు, విజిల్ విన్నట్టుంది.

మధ్యలో ఆదివారం, ఫీనిక్స్ డౌన్‌టౌన్ చేజ్ ఫీల్డ్‌లో బేస్‌బాల్ సీజన్ మొదటి రోజు. మార్చంతా స్కోరు చూడొద్దన్న తాత ఆ రోజు మనతో టికెట్టు కొనుక్కుని వచ్చి, "ఇవాళ్టి నుంచి చూడొచ్చు" అన్నాడు. జెయింట్స్ పిచ్చర్ మాడిసన్ బమ్‌గార్నర్ రెండు హోమ్ రన్‌లు కొట్టాడు. సీజన్ మొదటి రోజున అలా కొట్టిన మొదటి పిచ్చర్ అతనే. అయినా మన అరిజోనా జట్టు డైమండ్‌బ్యాక్స్ తొమ్మిదో ఇన్నింగ్స్ అడుగున (రెండో సగంలో) 6-5తో గెలిచారు, క్రిస్ ఓవింగ్స్ కొట్టిన దెబ్బతో.

పొడుగు చాండ్లర్లో ఇల్లు కొన్నాడు, మార్చి వస్తే మనవాళ్లందరికీ అదే సత్రం. గేదె కంపెనీకి ఇప్పుడు హైదరాబాదులోనూ ఆఫీసుంది. మా అమ్మాయికి ఆరేళ్లు, ఇంటి ఫోను నంబరు కన్నా ముందు 6-4-3 వచ్చింది. చెప్పుకోకూడదు గానీ, చెప్పాను.

ఆ ఆదివారం షీటు నా దగ్గరే ఉంది, స్కాన్ చేసి కమిటీకి పంపుతున్నాను. చూస్తే తొమ్మిదో ఇన్నింగ్స్ అడుగున మూడో అవుట్ సున్నా కనిపించదు. ఆతిథ్య జట్టు గెలిచిన క్షణానే ఆట ముగిసింది కాబట్టి ఆ అవుట్ ఎప్పటికీ ఉండదు. ఓవింగ్స్ గడి పక్కన రెండు ఏటవాలు గీతలున్నాయి, ఆట అక్కడితో అయిపోయిందని గుర్తు. అవి నేను గీసినవి కావు, తాత పెన్సిలువి.