సోలార్ హీటరు పైపులో గాలి: మా డాబా మీద వెతుకులాట

మల్కాజిగిరిలో మాది రెండంతస్తుల ఇల్లు. డాబా మీద గాజు గొట్టాల సోలార్ హీటరు, మెట్ల గది పైన ఓవర్‌హెడ్ ట్యాంకు. హైదరాబాదులో ఎండకు కొరత లేదు కాబట్టి నీళ్లు బాగానే కాగేవి. కాగిన నీళ్లు కిందికి దిగడమే గగనమైపోయేది. వేడినీళ్ల కుళాయి తిప్పితే ముందు బుసబుసమని శబ్దం, తర్వాత నాలుగు తుంపర్లు, ఆపైన సన్నని ధార. ఒక్కోసారి అదీ ఉండేది కాదు. పక్కనే చన్నీళ్లు మాత్రం జోరుగా వచ్చేవి. డిసెంబరు తెల్లవారుజామున మా అత్తయ్యగారు స్నానాల గదిలోంచి "ఇవాళ కూడానా, అమ్మాయ్?" అని అడిగితే ఏం చెప్పాలో తోచేది కాదు.

"గాలి పట్టిందమ్మా" అన్నాడు ప్లంబరు. మిక్సరు కుళాయి మూతిని అరచేత్తో గట్టిగా మూసి, వేడి, చల్లని పిడులు రెండూ తిప్పాడు. బయటికి దారిలేని చన్నీళ్లు వేడినీళ్ల పైపులోకి ఎదురెక్కి, గాలిని పైకి తోసేశాయి. చెయ్యి తియ్యగానే వేడినీళ్లు భళ్లున వచ్చాయి. విద్య బాగానే ఉంది కానీ, కొద్ది రోజులకే మళ్లీ మొదటికొచ్చింది. ఎలా చెయ్యాలో చూసి నేర్చుకున్నాక అతన్ని పిలవడం మానేశాను. మోచేతుల దాకా తడిసినా డబ్బులు మిగిలాయి.

ఇక సలహాలు. బోరు నీళ్లకు పైపులో సున్నం పేరుకుందని ఒకరన్నారు. సున్నమైతే ధార నెలల తరబడి మెల్లగా సన్నబడుతుంది తప్ప, బుసకొట్టి ఆగి మళ్లీ ఉరకదు. ప్రెషర్ పంపు పెట్టమని ఇంకొకరు. కారణం తెలియకుండా కరెంటుతో నెట్టడం నాకు నచ్చలేదు. అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా ఇచ్చినాయన, హీటరు నెత్తిన నిలబెట్టిన ఎయిర్ వెంట్ పైపుకు మూత బిగించమన్నాడు, గాలి దాన్లోంచే వస్తోందని. నేను ససేమిరా అన్నాను. హీటరుకున్నది ఒత్తిడికి తట్టుకునే ట్యాంకు కాదు. నీళ్లు కాగినప్పుడు ఆవిరి పోవడానికీ, నీళ్లు వాడినప్పుడు గాలి లోపలికి రావడానికీ ఆ పైపే దారి. దాన్ని మూస్తే లోపలి పల్చటి స్టీలు ట్యాంకు సొట్టపడిపోగలదు.

గాలిని తరిమెయ్యడం గురించే అందరూ మాట్లాడుతున్నారని అప్పుడనిపించింది. అది ఎక్కడినుంచి వస్తోంది, వచ్చి ఎక్కడ నిలుస్తోంది అనే రెండు ప్రశ్నలను ఎవరూ విడదీయడం లేదు.

నిలిచే చోటు తేలిగ్గానే దొరికింది. ఒక ఆదివారం పొద్దున్నే డాబా మీద పైపు వెంట నడిచాను. హీటరు పైభాగం నుంచి వేడినీళ్ల పైపు డాబా నేల దాకా దిగి, నేల వెంట వెళ్లి, పిట్టగోడ ఎక్కి, గోడ దాటి అవతలి వైపు కిందికి దిగుతోంది. పిట్టగోడ మీద ఆ వంపు, ఒంటె మూపురంలా. నీళ్లకన్నా గాలి తేలిక కాబట్టి పైపులోని ప్రతి బుడగా అక్కడికే చేరుతుంది. పదిమీటర్ల ఎత్తున్న నీటికి సుమారు ఒక బార్ ఒత్తిడి. మా పై అంతస్తు కుళాయికి ట్యాంకు నుంచి ఉన్నది ఐదు మీటర్లే. దిగే పైపులో గాలి ఎంత పొడవు ఆక్రమిస్తే ఆ మేరకు ఒత్తిడి పోయినట్టే. దానికితోడు నేల వెంట వెళ్లే సీపీవీసీ (వేడినీళ్లకు వాడే ప్లాస్టిక్) పైపు కింద ఇటుకలు దూరం దూరంగా ఉన్నాయి. మే నెల ఎండలకు మధ్యలో కుంగి, అలలు అలలుగా తయారైంది. ఒక్కో అల దగ్గర ఇంకో చిన్న బుడగ.

గాలి వచ్చే దారి తెలుసుకోవడానికి పిట్టగోడ మీది వంపులో మూడు నోళ్ల టీ జాయింటు ఒకటి, దానికి తెరిచి మూసే చిన్న బాల్ వాల్వు పెట్టించాను. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా అక్కరకొచ్చింది ఇదే. రోజూ పొద్దున్నే తెరిచి, ఎంతసేపు బుసకొడుతుందో గమనించేదాన్ని. బాగా ఎండ కాసిన మర్నాడు కాసేపు బుస, వెంటనే నీళ్లు. మబ్బు పట్టిన మర్నాడు దాదాపు ఏమీ లేదు. నీళ్లు కాగితే వాటిలో కరిగి ఉన్న గాలి బయటికొస్తుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు. 60 డిగ్రీలకు అది దాదాపు సగమవుతుంది. నైట్రోజన్‌దీ ఇదే దారి. ఈ గాలిని ఎవరూ ఆపలేరు.

కానీ కొన్ని పొద్దుల్లో బుస ఆగకుండా సాగేది. మా వీధికి నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. ముందురోజు రాత్రి ట్యాంకు అడుగంటిందంటే మర్నాడు ఆ పొడవాటి బుస ఖాయం. ఒక రాత్రి గిన్నెలు కడుగుతుంటే చన్నీళ్ల కుళాయిలోంచి గోరువెచ్చని నీళ్లొచ్చాయి. అప్పుడు అర్థమైంది. పై ట్యాంకు ఖాళీ అయ్యాక, హీటరులోని నీళ్లు తమకు చన్నీళ్లు వచ్చే పైపులోంచే వెనక్కి జారి కింది కుళాయిలకు పోతున్నాయి. హీటరులో మట్టం పడిపోతోంది. పైభాగాన ఉన్న వేడినీళ్ల పైపు నోరు గాలిలోకి తేలుతోంది.

మళ్లీ పాత ప్లంబరునే పిలిచాను. చన్నీళ్లు హీటరులోకి వెళ్లే చోట, నీళ్లను వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వు పెట్టాలంటే సరేనన్నాడు. రాణీగంజ్‌లో కొట్టతను నీ ఒత్తిడి ఎంతమ్మా అని అడిగి, స్ప్రింగు రకం పక్కన పెట్టేసి, లోపల రెక్క తలుపులా ఊగే స్వింగ్ రకం ఇచ్చాడు. ఉన్న కాస్త ఒత్తిడినీ స్ప్రింగే తినేస్తుందట. ట్యాంకు పావు వంతుకు పడిపోగానే సంపు మోటారు దానంతటదే ఆన్ అయ్యేలా లెవెల్ స్విచ్చు కూడా బిగించాం.

పిట్టగోడ దగ్గరే పేచీ వచ్చింది. వంపు మీద ఎత్తైన వెంట్ పైపు నిలబెడితే చాలంటాడు ప్లంబరు. ఓవర్‌హెడ్ ట్యాంకు నిండు మట్టం కన్నా ఎత్తుగా ఉండాలి కదా, లేకపోతే నీళ్లు పొర్లుతాయి. అంత పొడుగు పైపు గాలివానకు నిలవదని నా వాదన. పిట్టగోడకు నేల మట్టంలో రంధ్రం కొట్టి పైపును నేరుగా బయటికి తియ్యమన్నాను. వానాకాలంలో గోడ చెమ్మెక్కుతుందని మావారికి భయం. చుట్టూ వాటర్‌ప్రూఫ్ గ్రౌటు నింపుతానని మేస్త్రీ భరోసా ఇచ్చాక ఒప్పుకున్నారు. మధ్యాహ్నానికి హీటరు నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతాయి కాబట్టి పని తెల్లవారుజామునే మొదలుపెట్టించాను. మూడేసి అడుగులకు ఒక ఆధారం, రసమట్టం పెట్టి చూసి హీటరు నుంచి రంధ్రం దాకా ఎక్కడా పైకి లేవకుండా వాలు. ఇప్పుడు బుడగలు పుట్టినా వాలు వెంట వెనక్కి హీటరులోకే ఎక్కి, వెంట్ పైపులోంచి పోతాయి.

ఆ తర్వాత ఒక చలికాలం, ఒక వానాకాలం గడిచాయి. అరచెయ్యి అడ్డం పెట్టాల్సిన అవసరం రాలేదు, గోడా చెమ్మెక్కలేదు. పొద్దున మొదటి మూడు నాలుగు లీటర్లు మాత్రం ఇప్పటికీ చల్లగానే వస్తాయి. అది గాలి పని కాదు, రాత్రంతా పైపులో నిలిచి చల్లారిన నీళ్లు. పైపుకు నురుగు తొడుగు వేస్తే కొంత తగ్గుతుందంటున్నారు, ఈ చలికాలం లోపు వేయించాలి.