గాలిమర రెక్క

శంషాబాద్ దగ్గర మా బస్సు ఆగిపోయింది. ముందు ఒక పొడవాటి ట్రైలరు, దాని మీద ఒకే ఒక్క గాలిమర రెక్క. కొసకు ఎర్రగుడ్డ కట్టారు. బస్సుకు నాలుగైదు రెట్ల పొడవుంది! బెంగళూరు రహదారి ఎక్కింది కాబట్టి అనంతపురం వైపే అనుకున్నాను.

వెంటనే ఉరవకొండ దగ్గర ఉండే పిన్నికి ఫోను చేశాను. "మన చేను పక్కనే ఇంకొకటి నిలబెడుతున్నారమ్మా" అంది.

జూన్ నుంచి ఆగస్టు దాకా అక్కడి గాలి సంగతి ఆ నేల మీద నిలబడినవాళ్లకే తెలుసు. వాన చాలని వేరుశనగ చేలో ఉన్న కాస్త తడినీ ఆర్చేస్తుంది. ఆ గాలే ఇప్పుడు కరెంటు. వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. 1990లలో రామగిరి కొండల మీద కనిపించిన మరలు ఇప్పుడు చేలలోకి వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ పవన విద్యుత్ సామర్థ్యం 4,000 మెగావాట్లు దాటింది.

నాకు గర్వంగానే ఉంది. కానీ మా ఊళ్లో స్థలం అమ్మిన రైతుకు డబ్బు ఒక్కసారే వచ్చింది. క్రేన్లు తిరిగిన దారి పక్క చేనుకు దుమ్మే మిగిలింది. మర తిరిగినంత కాలం ఊరికి ఏటా వాటా రావాలి. పిన్ని కూడా అదే అంటుంది, నాకంటే కోపంగా.