లొల్ల లాకుల దగ్గర ఫోర్కు పాఠం

ధవళేశ్వరం బ్యారేజీ దాటేదాకా నా పాత బుల్లెట్ పెద్దమనిషిలాగే నడిచింది. బొబ్బర్లంక దగ్గర కాలువగట్టు ఎక్కాక అసలు రంగు బయటపడింది. 1852లో పూర్తయిన కాటన్ దొర ఆనకట్ట పుణ్యమా అని నీళ్లు గట్టును ఒరుసుకుంటూ పోతున్నాయి గానీ, గట్టు మీది రోడ్డుకు ఆ పుణ్యం అందలేదు. ముందుచక్రాన్ని రెండు కాళ్లతో పట్టుకుని కుదుపులు మింగే ఫోర్కు, మొదటి గుంతకు దిగి లేచేలోపే రెండోది, మూడోది. ఆత్రేయపురంలో పూతరేకు పొట్లం విప్పితే, తిమ్మిరెక్కిన వేళ్లు వణికి సగం చొక్కా మీదే రాలింది.

తప్పు నాదే. బ్రేకు వేస్తే బండి ముక్కు నేలకు వాలుతోందని, బయలుదేరే ముందు ఫోర్కుల్లో చిక్కటి గేరు ఆయిలు పోయించాను. ఈ బండికి తిప్పి సరిచేసుకునే మీటలేవీ లేవు. బరువు స్ప్రింగు మోస్తుంది, ఊపును ఆయిలు అదుపు చేస్తుంది.

కాలువ నీటిని తలుపులతో ఆపి వదిలే లొల్ల లాకుల దగ్గర ఒక మెకానిక్ షెడ్డు కనిపించింది. అందులోని పెద్దాయన హ్యాండిలు పట్టుకుని బలంగా నొక్కి వదిలాడు. అది తీరిగ్గా లేచింది.

“ఏం పోయించారు బాబూ, ఆముదమా?”

నేను నసుగుతుంటే గడ్డంతో లాకు వైపు చూపించాడు. “ఆ తలుపు సందులోంచి నీళ్లు గనక జారుతున్నాయి. బెల్లం పాకం వదిలితే? ఫోర్కులో ఉన్నదీ సన్నటి దారే.”

అడుగు మరలు విప్పి, నాచేత బ్రేకు పట్టించి ఫోర్కును పదేపదే నొక్కించాడు. ఆయిలు తేనెతీగలా సాగింది. ఎడమ డబ్బాలో పడింది కుడిదాంట్లో సగం కూడా లేదు. నేను పోయించినప్పుడు కంటి కొలతే, మరి! ఈయన మాత్రం గీతలున్న పాలసీసా తెచ్చి, గీత కంటి ఎత్తుకు వచ్చేలా వంగి చూస్తూ, పలుచటి ఆయిలు రెండు కాళ్లకూ సమానంగా పోశాడు. తర్వాత ఇరుసును పట్టుకున్న నట్లు వదులు చేసి, మళ్లీ నాలుగుసార్లు నొక్కించి, కాళ్లు వాటంతటవే సర్దుకున్నాక బిగించాడు. ఆ చివరి పని నేనెప్పుడూ చేయలేదు.

సాయంత్రం సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కేటప్పుడు ముందుచక్రం చెక్క అంచు నుంచి ధబ్బున దిగింది. ఫోర్కు ఒకసారి కుంగి, లేచి, ఊరుకుంది. ఆయిలు బయటికి కారకుండా ఆపే ఎడమకాలి సీలు దగ్గర మాత్రం ఒక చుక్క మెరిసింది. తుడిచాను. నరసాపురం ఒడ్డు చేరేసరికి అక్కడే ఇంకొకటి.